మేలులు తలచుకున్నకొద్దీ మనసు బరువెక్కుతోంది

ప్రశ్న: మాది కొండపి ప్రాంతం. కిందటి పంటకు పెట్టిన పెట్టుబడి తిరిగి రాలేదు. వేలం కేంద్రానికి పంపిన పొగాకు బేళ్లలో సగం కొనేవారు లేక ఇంటికే తిరిగొచ్చాయి. మా వారు మందిరానికి రావడం మానేశారు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. పదకొండేళ్ల క్రితం మా బాబు జ్వరంతో ఒంగోలు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు చావుబతుకుల మధ్య ఉండి బతికాడు. పక్క మంచం వారు వాళ్ల క్యారియర్‌లోని అన్నం మాకూ పెడితే ఆ రోజులు గడిచాయి. ఇప్పుడు నేను కన్నీళ్లు పెట్టుకుంటే చాలు, మా అత్తమ్మ ‘ఆనాడు బిడ్డను నిలబెట్టిన దేవుణ్ణి అప్పుడే మరిచిపోయావా’ అంటారు. మరిచిపోలేదు. తలచుకున్నకొద్దీ, ఆనాడు విన్నవాడు ఇప్పుడెందుకు వినడన్న ప్రశ్నే మిగులుతోంది. నా విశ్వాసంలో లోపం ఉందా?

జవాబు: సోదరీ, బైబిలులో డెబ్బయ్యేడవ కీర్తనలో ఆసాపు అడిగినది కూడా ఇదే. దేవుణ్ణి జ్ఞాపకం చేసుకుంటే తనకు నిట్టూర్పే వస్తోందని, కనికరం చూపడం ఆయన మరిచిపోయాడా అని రాసుకున్నవాడు అవిశ్వాసి కాదు, దావీదు నియమించిన గాయకులలో పెద్ద. ఆ మాటలు ఆరాధనలో పాడుకునే కీర్తనగానే మన చేతికి వచ్చాయి. కనుక లోపం ఉందా అన్న ప్రశ్నను ముందుగా పక్కన పెట్టండి.

అదే కీర్తన చివర ఆసాపు, ఇశ్రాయేలీయులు సముద్రం దాటిన సంగతి తలచుకుంటూ, నీళ్లలో దేవుని త్రోవ ఉన్నదనీ, ఆయన అడుగుజాడలు మాత్రం ఎవరికీ కనబడలేదనీ అంటాడు. నాకు ఈ కీర్తనలో అన్నిటికంటె విలువైన మాట ఇదే. మనం సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ అడుగుజాడలు మొదటినుంచీ కనబడుతూనే ఉన్నట్లు చెబుతాం. ఇశ్రాయేలీయులకు ఆ ఒడ్డున వినబడినది వెనుకనుంచి వస్తున్న రథాల చప్పుడు, అది దారి అని తెలిసినది దాటిన తరువాత. మీ అత్తగారు గుర్తు చేస్తున్నది తొమ్మిదో రోజును, మీరు ఇప్పుడు ఉన్నది మూడో రోజులోనో నాలుగో రోజులోనో. ఆమె మాట అబద్ధం కాకపోయినా మీకు గుచ్చుకుంటున్నది అందుకే.

మన ఇళ్ల గుమ్మాల మీద, పిల్లల పేర్లలో ఎబెనెజరు అన్న మాట ఎంతగా కలిసిపోయిందో మీకు తెలుసు. సమూయేలు రాయి నిలిపి, దానికి ఆ పేరు పెట్టి ‘ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను’ అన్నాడని మొదటి సమూయేలు గ్రంథం ఏడవ అధ్యాయంలో చదువుతాం. అయితే నాలుగవ అధ్యాయంలో, దేవుని నిబంధన పెట్టె అయిన మందసం శత్రువుల చేతికి చిక్కి 30,000 మంది కాల్బలం కూలిన ఓటమిలో, ఇశ్రాయేలీయులు దిగిన చోటు పేరు కూడా ఎబెనెజరే. ఆ ఓటమికీ ఈ రాయికీ మధ్య ఇరవై ఏళ్ల పైమాటే. ‘ఇంతవరకు’ అన్నప్పుడు ఆ ఏళ్లు కూడా అందులోకే వస్తాయని నేను అనుకుంటాను.

మన జిల్లా సంగతే చూడండి. గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మన సంఘాలలో చెప్పని వేదిక లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, వారితో ఉన్న తెలుగు విశ్వాసులు కలిసి అయిదుగురు ఒంగోలు కొండ మీద ప్రార్థించారనీ, అక్కడ కాపురముండే మిషనరీగా క్లౌ గారు 1866లో గాని రాలేదనీ, ఆ పైన 1876–78 కరువు వచ్చిందనీ, బకింగ్‌హాం కాలువ తవ్వకం పనులతో ఆయన ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేసిన ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారనీ అంతగా చెప్పుకోం. పన్నెండేళ్ల నిరీక్షణను, కరువును తీసివేసి 2,222 మాత్రమే చెబితే వినేవారికి తమ ఇంటి కరువు దేవుడు లేని కాలంలా తోస్తుంది.

అందుచేత మీ అత్తగారితో వాదించకండి. ‘అత్తమ్మా, బాబు జ్వరం నాలుగో రోజున మీరేమని ప్రార్థించారు?’ అని అడగండి. ఆమె కూడా ఆనాడు భయపడి ఉంటారు. ఆ భయం చెప్పిన నోటితో మళ్లీ మిమ్మల్ని దెప్పడం అంత సులభం కాదు. మీరు మాత్రం ఒక నోటు పుస్తకంలో ఆ తొమ్మిది రోజులనూ రోజువారీగా రాయండి, జవాబు రాని రోజులతో సహా. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటవేసిన ఆ క్యారియర్ దగ్గర కాసేపు ఆగండి. బిడ్డకు జ్వరం తగ్గకముందే ఎవరో తెలియని తల్లి తన ఇంటి అన్నాన్ని రెండు కంచాలకు పంచింది. మీరు అడిగిన మేలు అది కాదు, అయినా ముందుగా అందినది అదే. ఇప్పుడు అటువంటిది ఏదైనా మీ గుమ్మం దాకా వచ్చిందేమో చూడండి.

మీ వారికి వాక్యాలు వినిపించే పని ఇప్పుడు పెట్టుకోకండి. బ్యాంకు అప్పు ఎంత, బయట వడ్డీకి తెచ్చినది ఎంత, తిరిగొచ్చిన బేళ్లు ఎన్ని అన్నది ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద వేసుకుని, బ్యాంకు మేనేజరు దగ్గరకు కలిసే వెళ్లండి. నిద్రలేమి వారాల తరబడి సాగితే డాక్టరుకు చూపించండి. బతుకు మీద విరక్తి మాట ఆయన నోట వస్తే ప్రార్థన కూడిక దాకా ఆగకుండా, ఆయనను ఒంటరిగా వదలకుండా, మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు.

లెక్కలు ముగిసిన ఒక సాయంత్రం, ఆ తొమ్మిది రాత్రులూ ఆసుపత్రి వరండాలో ఆయన ఎలా గడిపారో అడిగి, ఆయన చెప్పినదాన్ని కూడా ఆ నోటు పుస్తకంలో రాయండి. మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు.