చెవి బాగానే ఉందన్నారు, మరి నోరు తెరిస్తే ఈ టక్కుమనే శబ్దం ఎక్కడిది?

మీరు రాసింది ఇదీ: నోరు పెద్దగా తెరిస్తే కుడిచెవి ముందు టక్కుమంటోంది, పొద్దున లేచేసరికి కణతలు పట్టేసినట్టు ఉంటున్నాయి, ఈఎన్‌టీ డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. దవడ కీలు అరిగిపోయిందా, ఆపరేషన్ దాకా వెళ్తుందా అని మీ టెన్షన్. నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఇంటర్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఇదే బాధ నాకు ఎడమవైపు వచ్చింది. ఇప్పుడు నొప్పి లేదు, శబ్దం మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది, దాన్ని పట్టించుకోవడం మానేశాను. మీరూ మానేయొచ్చని నేను ఎందుకు అనుకుంటున్నానో చెప్పాలంటే కీలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

రెండు చూపుడు వేళ్లు రెండు చెవుల ముందు పెట్టి నోరు నెమ్మదిగా తెరవండి. మొదట ఎముక ఉన్నచోటే తిరుగుతున్నట్టు తెలుస్తుంది. ఇంకా తెరిస్తే వేలి కింద ఉన్న గుండ్రటి ఎముక ముందుకు జారిపోయి, అక్కడ చిన్న గుంట పడుతుంది. మోచేతి కీలు తన చోటు వదిలి ఇలా జారదు. దవడ కీలు మాత్రం మనం ఆవలించిన ప్రతిసారీ తన గుంటలోంచి బయటికొచ్చి, మళ్లీ లోపలికి వెళ్తుంది. పైగా కింది దవడ ఒకే ఎముక కాబట్టి కుడి కీలు కదిలితే ఎడమ కీలూ కదలాల్సిందే.

మా కాలేజీ ల్యాబులో ఒక పుర్రె ఉంది. దాని కింది దవడను విడిగా పట్టుకుంటే వెనక చివర్లలో చెరొక గుబ్బ కనిపిస్తుంది. అడ్డంగా దాదాపు 2 సెంటీమీటర్లు, ముందూ వెనకా అందులో సగం. పై భాగంలో, చెవి రంధ్రానికి సరిగ్గా ముందు, ఆ గుబ్బ కూర్చునే గుంట ఉంటుంది. పుర్రెను కిటికీ వైపు ఎత్తిపట్టి చూస్తే ఆ గుంట పైకప్పులోంచి వెలుతురు కనిపిస్తుంది, అంత పలచని ఎముక. దాని పైనే మెదడు. నమిలే బలమంతా అక్కడ పడితే ఎలా అని పిల్లలు అడుగుతారు. అక్కడ పడదు. గుంటకు ముందు గట్టి ఎముకతో చిన్న మిట్ట ఉంది, బరువు దాని వాలు మీద పడుతుంది.

ఇప్పుడు గుబ్బను గుంటలో పెట్టి చూడండి, సరిగ్గా కూర్చోదు, అటూ ఇటూ ఊగుతుంది. ఎందుకంటే బతికున్న మనిషిలో ఈ రెంటి మధ్య ఒక డిస్క్ ఉంటుంది, ఎండిన పుర్రెలో అది మిగలదు. ముందూ వెనకా మందంగా, మధ్యలో పలచగా ఉండే ఈ గట్టి పొర కీలును రెండు గదులుగా విడదీస్తుంది. కింది గదిలో గుబ్బ తిరుగుతుంది, పై గదిలో గుబ్బా డిస్కూ కలిసి ముందుకు జారుతాయి. నోరు తెరిచినప్పుడు మొదటి 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఎక్కువగా తిరగడమే, ఆ తర్వాత జారడం. మొత్తం 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. స్కేలు అక్కర్లేదు, మీ మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పడితే చాలు.

మీకు వినిపించే టక్కు చాలావరకు ఈ డిస్కుదే. కొందరిలో అది గుబ్బ మీద నుంచి కాస్త ముందుకు జారి ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు గుబ్బ దాని వెనక అంచును దాటి మళ్లీ మధ్యలోకి ఎక్కుతుంది, అప్పుడే ఆ చప్పుడు. మూసేటప్పుడు మళ్లీ జారుతుంది కాబట్టి రెండోసారి చిన్నగా వినిపించవచ్చు. డిస్క్ మధ్య భాగంలో రక్తనాళాలూ నరాలూ లేవు, అందుకే నొప్పి లేకుండా ఏళ్ల తరబడి ఇలా చప్పుడు చేసే కీళ్లు ఎన్నో ఉన్నాయి. నొప్పి, నోరు పట్టేయడం లేకపోతే ఒట్టి శబ్దానికి వైద్యం అక్కర్లేదని నన్ను చూసిన డెంటల్ డాక్టరు మొదటి రోజే చెప్పారు. శబ్దం అరుగుదలకు గుర్తు అనుకోనక్కర్లేదు. ఇసుక నలిగినట్టు కరకరమంటే అది వేరే, దాన్ని చూపించుకోవాలి.

ఇక మీ అసలు బాధ, పొద్దున పట్టేసే కణతలు. అది కండరాల పని. పళ్లు గట్టిగా బిగించి చెంప మీద చేయి పెట్టండి, గట్టిపడి ఉబ్బేది మాసెటర్. చెంప ఎముక నుంచి దవడ మూల వరకు ఉంటుంది. చెయ్యి కణత మీదికి తీసుకెళ్తే అక్కడ కదిలేది టెంపొరాలిస్. పుర్రె పక్కంతా పరుచుకుని, కిందికొచ్చేసరికి సన్నబడి, చెంప ఎముక వంపు లోపలినుంచి దిగి దవడను పట్టుకుంటుంది. దవడ లోపలివైపు మాసెటర్‌కు జోడీగా మీడియల్ టెరిగాయిడ్ ఉంది. ఈ మూడూ నోరు మూసేవే. నాలుగోది లాటరల్ టెరిగాయిడ్, గుబ్బను ముందుకు లాగి నోరు తెరవడానికి సాయపడుతుంది. దాని పై పాయ కొంత డిస్కుకూ అంటుకుని ఉంటుంది. ఒకవైపుది ఒక్కటే లాగితే దవడ రెండోవైపుకు జరుగుతుంది. అలా కుడీ ఎడమా మార్చి మార్చి లాగడం వల్లే మన దవడ రోకటి పోటులా పైకీ కిందికీ పడకుండా తిరగలిలా నూరుతుంది.

ఇంత పాత సబ్జెక్టులో కొత్త ఏముంటుంది అనుకుంటాం కదా. 2021 చివర్లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయం వాళ్లు మాసెటర్ లోపల మూడో పొరను వివరించి ప్రచురించారు. రోజూ పది మందీ వాడే కండరం అది! క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు చెంపలు తడుముకుని చూసుకోవడం నాకు చాలా ఇష్టం.

ఈ నాలుగు కండరాలకూ ఒకే నరం, ట్రైజెమినల్ నాడి మూడో శాఖ. ఆ శాఖ నుంచే వచ్చే ఒక తీగ దవడ కీలుకూ, చెవి రంధ్రానికీ, కర్ణభేరికీ, కణతకూ స్పర్శ ఇస్తుంది. అందుకే కీలు నొప్పి చెవిపోటులా అనిపిస్తుంది. మీ ఈఎన్‌టీ డాక్టరు చెప్పింది నిజమే, మీకు నొప్పి ఉన్నదీ నిజమే. చెవి లక్షణాలను దవడతో ముడిపెట్టి 1934లో రాసిన కాస్టెన్ కూడా ఈఎన్‌టీ డాక్టరే. ఆయన చెప్పిన కారణాలు తర్వాత నిలబడలేదు గానీ చెవికీ దవడకూ ఉన్న సంబంధం నిలిచింది.

నా విషయంలో డాక్టరు అద్దం చేతికిచ్చి నాలుక చాపమన్నారు. అంచు పొడుగునా పళ్ల అచ్చులు, చెంప లోపల పళ్లు కలిసే చోట తెల్లటి గీత. "రాత్రుళ్లేనా, పగలు కూడా బిగిస్తారా?" అని అడిగారు. స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో పేపర్లు దిద్దుతూ గంటల తరబడి పళ్లు బిగించి కూర్చుంటున్నానని అప్పుడే గమనించాను. పెదాలు మూసి ఉన్నా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలట. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్లు తాకనక్కర్లేదు. తర్వాత ఒక చెక్కపుల్లను ఎడమ దవడ పళ్ల మధ్య పెట్టి కొరకమన్నారు, నొప్పి తగ్గింది. కుడివైపు పెట్టి కొరికితే ఎడమ కీలు చుర్రుమంది. ఒకవైపు నమిలితే రెండోవైపు కీలు మీదే బరువు ఎక్కువ పడుతుంది. నొప్పి ఉన్న వైపును కాపాడుతున్నామనుకుని రెండోవైపే నమిలేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

నాకు బాగా పనిచేసినవి చాలా మామూలువి. ఫోన్ స్క్రీన్ మీద "పళ్లు విడిగా" అని రాసి పెట్టుకున్నాను, కనపడ్డప్పుడల్లా దవడ వదులు చేసేదాన్ని. రాత్రి చెంపలకూ కణతలకూ గోరువెచ్చని గుడ్డతో కాపడం. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించడం. కొన్నాళ్లు సకినాలు, మొక్కజొన్న పొత్తులు, చూయింగ్ గమ్ పక్కన పెట్టి పప్పన్నం, ఇడ్లీ, మెత్తటి కూరలు తిన్నాను. సంక్రాంతికి మా అత్తమ్మ సకినాలు పాలల్లో నానబెట్టి ఇచ్చింది. రాత్రి పళ్లకు తొడుగులా పెట్టుకునే నైట్ గార్డ్ కూడా చేయించుకున్నాను. అది పళ్లు అరగకుండా కాపాడుతుంది, కండరాలకు కొంత ఊరట. డిస్కును వెనక్కి నెడుతుందని మాత్రం ఆశపడొద్దు. మొదటిసారే పళ్లు అరగదీసి సరిచేస్తామనో, ఆపరేషన్ అనో ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు ఇంకొకరికి చూపించండి. మళ్లీ వెనక్కి తిప్పుకోలేని వైద్యం మొదటి మెట్టు కాకూడదు.

ఆలస్యం చేయకూడనివి కూడా ఉన్నాయి. చప్పుడు ఉన్నట్టుండి ఆగి, నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోకపోతే డిస్క్ ముందే ఇరుక్కుపోయి ఉండవచ్చు. ఆవలించాక నోరు మూతపడకపోతే గుబ్బ మిట్ట దాటిందన్నమాట, ఇంట్లోవాళ్ల చేత తోయించుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. వక్క, గుట్కా అలవాటుండి, కారం తగిలితే నోరు మండుతూ, తెరుచుకోవడం రోజురోజుకీ తగ్గుతుంటే అది కీలు సమస్య కాదు. నోటి లోపలి పొర గట్టిపడే జబ్బు, క్యాన్సర్‌కు దారితీయగలదు. 50 దాటినవాళ్లకు నమిలేకొద్దీ దవడ లాగేస్తూ, కొత్తగా తలనొప్పి, చూపు మసక తోడైతే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు.

మీ వర్ణనలో ఇవేవీ లేవు. ఒకసారి చూపించుకుందాం అనుకుంటే అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి లాంటి చోట ఓరల్ మెడిసిన్ విభాగం అని అడగండి. దవడంతా ఒకే ఫిల్ములో తీసే ఓపీజీ ఎక్స్‌రేలో ఎముకలు, పళ్లు మాత్రమే కనిపిస్తాయి, డిస్క్ కనపడాలంటే ఎంఆర్ఐ కావాలి, అది అందరికీ అవసరం పడదు. మూడు వేళ్లు పడుతున్నాయా, ఏ వైపు నమిలితే నొప్పి, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా అన్నది ఒక వారం గమనించి రాసుకెళ్లండి. నన్ను మొదట అడిగినవి అవే.