జీతం లేని యాప్ పనిని మా అబ్బాయి చేత మాన్పించాలా?

ప్రశ్న: మాది హిందూపురం. పదకొండేళ్లుగా బెంగళూరులోని కె.ఆర్.పురంలో ఉంటున్నాము. మా అబ్బాయి వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) పరిధిలోని ఒక కళాశాలలో కంప్యూటర్ సైన్స్ 5వ సెమిస్టర్ చదువుతున్నాడు. స్వచ్ఛందంగా సేవ చేయదలచినవారిని ఆ సేవ అవసరమైన సంస్థలతో కలిపే యాప్‌ను తొమ్మిది మంది కలిసి తయారు చేస్తున్నారు. అందులో నోటిఫికేషన్ల భాగం మావాడిది. రూపాయి రాదు. వారానికి 20 గంటలు దానికే పోతున్నాయి. సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల మార్కుల సగటు, పదికి) 8.4 నుంచి 7.7కు పడిపోయింది. తోటివాళ్లు ప్లేస్‌మెంట్ల కోసం సాధన చేస్తుంటే వీడు ఎవరికో ఊరికే చాకిరీ చేస్తున్నాడేమోనని నా బాధ. మాన్పించాలా? ఆ బృందాన్ని నడిపే వ్యక్తితో నేనే మాట్లాడనా?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి. జీతం రాని పని కాబట్టి అది దేనికీ పనికిరాదన్న అనుమానం ఒకటి, మార్కులు తగ్గుతున్నాయన్న భయం మరొకటి. రెండవదానికి ఆధారం మీ చేతిలోనే ఉంది కాబట్టి దానిని తేలికగా తీసుకోమని నేను చెప్పను. మొదటి విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. మాన్పించవద్దనే నా సలహా. అయితే గంటలు తగ్గాలి, అక్కడ అతను చేస్తున్న పని తీరు కూడా కొంత మారాలి.

ఆ యాప్ ఎటువంటి పనో ముందుగా చూద్దాము. ఇటు సేవ చేస్తామనేవారు, అటు సేవ కావలసినవారు, నడుమ ఒక జాబితా: బయటి నుంచి చూస్తే ఇంతే అనిపిస్తుంది. ఇందులోని చిక్కు తెలియాలంటే, అంధ విద్యార్థులకు పరీక్షలలో సమాధానాలు రాసిపెట్టే స్క్రైబ్‌ల విషయం తీసుకోండి. బెంగళూరులో పరీక్షల కాలం వస్తే వీరి కోసం వెతుకులాట మొదలవుతుంది. పరీక్ష తేదీ, సమయం ఎవరి వీలును బట్టీ మారవు. విద్యార్థి కన్నడంలో సమాధానం చెబుతుంటే ఆ వేగానికి తగ్గట్టు కన్నడం రాయగలవారు కావాలి; మాట్లాడటం మాత్రమే వచ్చినవారు చాలరు. అభ్యర్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకునేటట్లయితే ఆ వ్యక్తి చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2018లో జారీ చేసిన మార్గదర్శకాలు పేర్కొన్నాయి. అంటే డిగ్రీ విద్యార్థికి రాసిపెట్టాలని ఎంతో ఉత్సాహంగా ముందుకు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ నియమం కింద అర్హుడే కాడు. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది కాబట్టి, మూడు గంటల పరీక్షకు వెళ్లినవారు నాలుగు గంటలు కూర్చోవడానికి సిద్ధపడాలి. ఇన్నీ కుదిరిన మనిషి ఒప్పుకొని, తీరా ఆ ఉదయం సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుపోతే, అవతల ఒక విద్యార్థి తెల్ల కాగితం ముందు కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు.

మీ అబ్బాయి రాస్తున్న నోటిఫికేషన్ల భాగం విలువ సరిగ్గా ఇక్కడ తెలుస్తుంది. ముందు రోజు గుర్తు చేయాలి, వస్తున్నట్టు జవాబు తీసుకోవాలి, సాయంత్రంలోగా జవాబు రాకపోతే మరొకరిని అడగాలి. బ్యాటరీని పొదుపు చేయడానికి ఆండ్రాయిడ్ ఫోన్లు వెనుక నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతాయి కాబట్టి నోటిఫికేషన్ ఆలస్యంగా చేరే అవకాశం ఉంది. అటువంటప్పుడు ఎస్సెమ్మెస్ పంపాలా, నేరుగా ఫోన్ చేయించాలా అన్నది కూడా ఆలోచించాలి. తరగతిలో ఇచ్చే మినీ ప్రాజెక్టులో ఈ బాధ్యత ఉండదు. అక్కడ ప్రోగ్రామ్ పనిచేయకపోతే రెండు మార్కులు పోతాయి, ఇక్కడ ఒకరికి ఒక సంవత్సరం పోవచ్చు. ఈ తేడాను ఇరవై ఏళ్ల వయసులో అనుభవించిన కుర్రవాడు కోడ్ రాసే పద్ధతే మారిపోతుంది, ఆ మార్పును నా విద్యార్థులలో కళ్లారా చూశాను.

ఇటువంటి పనికి మన దగ్గర పూర్వానుభవం కూడా ఉంది. 2015 డిసెంబరులో చెన్నైని వరదలు ముంచెత్తినప్పుడు ఎవరికి ఏమి కావాలో, ఎవరు ఏమి ఇవ్వగలరో స్వచ్ఛంద సేవకులు ఆన్‌లైన్ పట్టికలలో నింపుతూ వచ్చారు. 2018 ఆగస్టు వరదలలో కేరళ రెస్క్యూ వెబ్‌సైటును స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు రాష్ట్ర ఐటీ మిషన్‌తో కలిసి నిర్మించారు. దాని కోడ్ అందరికీ కనిపించేలా, ప్రోగ్రామర్లు కోడ్‌ను పంచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో ఉంచడం వల్ల ఎక్కడెక్కడి వారో మార్పులు చేసి పంపగలిగారు. అవసరం తీరిపోయిన తరువాత కూడా సాయం కోరే సందేశం వాట్సాప్‌లో తిరుగుతూనే ఉండటం ఇటువంటి సమయాల్లో ఎదురయ్యే పెద్ద తలనొప్పి. అందువల్ల "ఈ అవసరం తీరింది" అని నమోదు చేసే మీట, "నేను వస్తాను" అనే మీటతో సమానంగా ముఖ్యం. మీవాడి బృందం ఆ రెండవ మీట మీదే శ్రద్ధ పెట్టిందేమో అడిగి చూడండి.

ఇక నాకు నిజంగా అనుమానం ఉన్న చోటు చెబుతాను. యువతను సేవా కార్యక్రమాలతో కలిపేందుకు కేంద్ర ప్రభుత్వమే 2023 అక్టోబరు 31న మై భారత్ వేదికను ప్రారంభించింది. చెన్నైలో 2006లో మొదలైన భూమి వంటి సంస్థలు వలంటీర్లను తామే చేర్చుకుంటున్నాయి. అవన్నీ ఉండగా తొమ్మిది మంది విద్యార్థులు దేశమంతటికీ, అన్ని రకాల సేవలకూ ఒకే యాప్ అంటే అది నిలబడదు. నేను చూసిన విద్యార్థుల యాప్‌లు ఎక్కువగా ఆగిపోయింది కోడ్ రాక కాదు, అవసరాల జాబితా ఖాళీగా ఉండటం వల్ల. సేవ చేస్తామని పేరు నమోదు చేసుకునేవారు మొదటి వారంలోనే వందల్లో వస్తారు. సంస్థలో వలంటీర్ల సంగతి చూసే ఒకే ఒక్క ఉద్యోగిని మాత్రం, వాట్సాప్ గ్రూపులో ఒకసారి రాసినదాన్నే మళ్లీ ఈ యాప్‌లో రాయడానికి ఇష్టపడదు. కాబట్టి బృందం ఒక నగరాన్ని, ఒక రకమైన సేవను ఎంచుకోవాలి. మీ అబ్బాయి నెలకు ఒక శనివారమైనా లాప్‌టాప్ మూసి, అటువంటి సంస్థకు వెళ్లి ఆ ఉద్యోగిని పక్కన కూర్చుని ఆమె రోజు ఎలా గడుస్తుందో చూడాలి. పని తీరు మారాలని నేను అన్నది ఇందుకే.

ఉద్యోగ ఇంటర్వ్యూలో ఇది ఎలా అక్కరకు వస్తుందో కూడా చెప్పాలి. "స్వచ్ఛంద సేవా యాప్ బృందంలో సభ్యుడిని" అని రెజ్యూమెలో రాస్తే ఎవరూ రెండోసారి చూడరు. "చివరి నిమిషంలో రాలేకపోయినవారి స్థానంలో మరొకరిని పిలిచే విధానాన్ని నేను రూపొందించాను, మొదట చేసిన పొరపాటు ఇది, దిద్దుకున్న తీరు ఇది" అని రాసి, గిట్‌హబ్‌లో తన పుల్ రిక్వెస్టులను (కోడ్‌లో చేర్చమని తాను పంపిన మార్పులను), వాటి మీద ఇతరులు చేసిన రివ్యూలను చూపగలిగితే, ఇంటర్వ్యూ చేసేవారు అడిగే ప్రశ్నలే మారతాయి. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు చేయడానికి కూడా ఈ అలవాటు పనికివస్తుంది. అందులో ఎంపికైనవారు, కోడ్‌ను ఎవరైనా చూసి వాడుకునేలా విడుదల చేసే ఓపెన్ సోర్స్ సంస్థకు మెంటార్ పర్యవేక్షణలో కోడ్ రాస్తారు, స్టైపెండ్ కూడా అందుతుంది. ఒక భాగాన్ని మొదటి నుంచి చివరి దాకా, వాడేవారి చేతికి చేరేవరకు నడిపించడం ముఖ్యం. పది భాగాలలో తలా కొంచెం వేలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

చాకిరీ అన్న మీ అనుమానాన్ని తీర్చుకునే మార్గం ఒకటి ఉంది. కోడ్ ఎవరి పేరు మీద ఉందో, ఏ లైసెన్సు కింద విడుదల చేస్తున్నారో మీ అబ్బాయిని అడగండి. అది ఓపెన్ సోర్స్ అయితే అతని శ్రమ అతని పేరుతోనే నిలుస్తుంది. కోడ్ అంతా ఒకే వ్యక్తి ఖాతాలో మూసి ఉండి, రేపు అది కంపెనీ అయితే మిగతా ఎనిమిది మంది సంగతేమిటో ఎక్కడా రాసుకోకపోతే, అప్పుడు మీ భయం సరైనదే; ఆ మాట రాతలో పెట్టించిన తరువాతనే కొనసాగాలి. వలంటీర్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు ఎవరెవరు చూడగలరో కూడా తెలుసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, ఇటువంటి యాప్‌లలో పాఠశాల విద్యార్థులు చేరడం మామూలే.

గంటల విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) తన వలంటీరు నుంచి ఏడాదికి కోరేది 120 గంటలు. మీవాడు ఆ మొత్తాన్ని ఆరు వారాలలో ఖర్చు చేస్తున్నాడు. వారానికి ఎనిమిది గంటలకు మించకూడదు, ఇంటర్నల్స్‌కు ముందు ఒక వారం, సెమిస్టర్ పరీక్షలకు ముందు మూడు వారాలు పని పూర్తిగా ఆపాలి. మిగిలిన పన్నెండు గంటలలో సగం సబ్జెక్టులకు, సగం డేటా స్ట్రక్చర్ల సాధనకు కేటాయించవచ్చు. 7.7 ప్రమాదకరమైన అంకె కాదు, కానీ పడుతున్న అంకె. మీ కళాశాలకు వచ్చే కంపెనీలు ఎంత కటాఫ్ పెడుతున్నాయో ప్లేస్‌మెంట్ సెల్‌లో అడిగి, దానికి అర పాయింటు పైన ఉండేలా చూసుకోవాలి. మరొక మాట: వీటీయూలో డిగ్రీకి, తరగతి బయట చేసే కార్యక్రమాలకు ఇచ్చే యాక్టివిటీ పాయింట్లు 100 తప్పనిసరి, అవి సీజీపీఏలో కలవవు. ఇంట్లో కూర్చుని రాసిన కోడ్‌కు పాయింట్లు వస్తాయని అనుకోవద్దు. సంస్థకు వెళ్లి చేసిన పనిని లెక్కలోకి తీసుకుంటారేమో కళాశాలలోని సమన్వయకర్తను ముందే అడిగి, హాజరు పత్రాలు దాచుకోమనండి.

బృందాన్ని నడిపే వ్యక్తితో మీరు మాట్లాడవద్దు. తండ్రి ఫోన్ చేసి గంటలు తగ్గించమన్న కుర్రవాడికి ఆ బృందంలో ఆ తరువాత ఎవరూ బాధ్యత అప్పగించరు. "వారానికి ఎనిమిది గంటలే ఇవ్వగలను, ఈ భాగం ఫలానా తేదీకి పూర్తి చేస్తాను, పరీక్షల సమయంలో నా పని ఫలానావారు చూస్తారు" అని అతనే మెయిల్ రాయాలి. రాసే ముందు మీకు ఒకసారి చదివి వినిపించమనండి. 6వ సెమిస్టర్ ఫలితాలు వచ్చాక సీజీపీఏ 7.5కు దిగువకు పడిపోతే, ప్లేస్‌మెంట్లు ముగిసేవరకు పని ఆపేస్తానని ఇప్పుడే మీ ఇద్దరూ ఒక మాట అనుకోండి.