చిన్నప్పుడు ఆడిన వీడియో గేముల్లో నిజంగా గొప్పవి ఏవి? జ్ఞాపకం వల్ల గొప్పగా అనిపించేవి ఏవి?

ఈ ప్రశ్నకి నేనొక్కణ్ణే జవాబు చెబితే అది చెల్లదు. మారియో మ్యూజిక్ రెండు సెకన్లు వినిపిస్తే చాలు, మా పెరట్లో ఆవకాయకి ముక్కలు కొడుతున్న చప్పుడు కూడా నాకు వినిపిస్తుంది. అలాంటివాణ్ణి జడ్జిగా పెట్టకూడదు. అందుకే పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకుని కూర్చోబెట్టాను. తొమ్మిదో తరగతి. ఫోన్‌లో బీజీఎంఐ అనే కాల్పుల గేమ్ ఆడతాడు, ఓడిపోతే నెట్ స్లో అంటాడు. పాత గేముల మీద వాడికి ప్రేమా లేదు, నా దగ్గర మొహమాటమూ లేదు.

మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట రైలు పట్టాలున్న రోజుల్లో పెరిగాం. మా అమ్మ ఏదీ పారెయ్యదు కాబట్టి అటక మీద ఇత్తడి బిందెల వెనక పాత వీడియో గేమ్ భద్రంగా దొరికింది. రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ గన్ను, ఒక పసుపు రంగు క్యాసెట్. దాని మీద 9999999 ఇన్ 1 అని ఉంటుంది. లెక్కపెడితే లోపల ఉన్నవి పదహారు గేములు, మిగతావన్నీ అవే మళ్లీ మళ్లీ. ఇలాంటి డబ్బాలు జపాన్‌లో 1983లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్లని నాకు ఇంజనీరింగ్‌కి వచ్చాకగానీ తెలీదు. అప్పటిదాకా నాకు దాని పేరు "వీడియో గేమే".

క్యాసెట్ పెట్టగానే టీవీ నిండా గళ్లు. తీసి ఉఫ్‌మని ఊదాను. నిజానికి ఊదడం వల్ల ఒరిగేదేమీ లేదు, తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు సరిగ్గా ఆనడం వల్ల పనిచేస్తుంది. పైగా నోటి తడికి పిన్నులు పాడవుతాయి. ఇదంతా తెలిసి కూడా ఊదకుండా పెట్టడం నా వల్ల కాలేదు.

మొదట మారియో. మావాడికి మారియో 2023లో వచ్చిన సినిమా వల్ల తెలుసు, గేమ్ ఎప్పుడూ ఆడలేదు. ఎలా ఆడాలో నేను చెప్పనన్నాను. కుడివైపు నడిచాడు. గోధుమ రంగు బొమ్మ ఒకటి ఎదురొచ్చింది, నేరుగా దాని మీదికి వెళ్లాడు, పోయాడు. రెండోసారి ఎగిరాడు. ఆ ఎగరడంలో తల పైనున్న ప్రశ్నార్థకం డబ్బాకి తగిలి లోంచి పుట్టగొడుగు బయటికొచ్చింది. ఇది కూడా చంపేస్తుందేమోనని పారిపోబోయాడు. అది ముందుకెళ్లి, అక్కడున్న గొట్టానికి కొట్టుకుని, వెనక్కి తిరిగి వీడి మీదికే వచ్చింది. మారియో పెద్దవాడయ్యాడు. "ఓ, ఇది మంచిదా!" అన్నాడు.

ఆ డబ్బా, ఆ గొట్టం అక్కడ ఊరికే లేవు. కొత్తగా ఆడేవాడు తప్పించుకుందామన్నా పుట్టగొడుగు తగిలేలా కావాలనే అలా పెట్టామని దాన్ని తయారుచేసిన షిగేరు మియమోటో తర్వాత చెప్పారు. ఒక్క మాట రాయకుండా పది సెకన్లలో ఆట నేర్పేశారు. అదే మావాడి ఫోన్ గేమ్ తెరిస్తే ఆట మొదలయ్యేలోపు ఆఫర్ అనీ, బహుమతి అనీ, కొత్త డ్రెస్సు అనీ అరడజను డబ్బాలు మూసుకుంటూ పోవాలి. ఇంకో సంగతి చెబితే వాడు నమ్మలేదు. 1985 నాటి ఆ మారియో మొత్తం, ఎనిమిది లోకాలు, ముప్పై రెండు లెవెల్స్, మ్యూజిక్‌తో సహా 40 కేబీలో ఉంది. మా పెదనాన్న రోజూ పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ ఫోటో అంతకంటే పెద్దది. చోటు సరిపోక మేఘాలకీ పొదలకీ ఒకే బొమ్మ వాడారు, రంగు మాత్రం మార్చారు. చూపిస్తే మావాడు "చీటింగ్" అన్నాడు గానీ ఆ తర్వాత గంటసేపు రిమోట్ వదల్లేదు.

ఆ గంటలో ఒక మాటన్నాడు. గుంతలో పడి, నాలుక కరుచుకుని, "ఇది నా తప్పే మామయ్యా, తొందరపడ్డా" అన్నాడు. నెట్ స్లో అనే పిల్లాడు! నా దృష్టిలో కొలబద్ద అదే. పోయినప్పుడు తప్పెవరిదో ఆడేవాడికి తెలియాలి. తెలిస్తే మళ్లీ ఆడతాడు, తెలియకపోతే తిట్టుకుంటాడు. మారియో పాసైంది.

బాతుల గేమ్, అదే డక్ హంట్, దగ్గర మాత్రం నా పరువు పోయింది. ఎంత గురి చూసి కాల్చినా ఒక్క బాతూ పడలేదు, గడ్డిలోంచి కుక్క లేచి నవ్వడం, మావాడు కూడా నవ్వడం. (ఆ కుక్కని కాల్చడానికి ప్రయత్నించని పిల్లలెవరైనా ఉంటే చెప్పండి, దండం పెడతాను.) "మామయ్యా, నీకు గురి లేదు" అని తేల్చేశాడు. గురి సంగతి తర్వాత, తప్పు టీవీది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అయిపోయి, బాతు ఉన్నచోట మాత్రం తెల్ల గడి వెలుగుతుంది. గన్ను మొనలో వెలుగుని పసిగట్టే చిన్న సెన్సార్ ఉంటుంది. నలుపు తర్వాత వెంటనే తెలుపు కనిపిస్తే తగిలినట్టు లెక్క. పాత డబ్బా టీవీలో బొమ్మ ఆలస్యం లేకుండా పడేది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మని చూపించడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఆ లోపే గన్ను "తగల్లేదు" అని తీర్పిచ్చేస్తుంది. అంటే కాల్చేది గన్ను కాదు, టీవీయే గన్నులోకి కాలుస్తోందన్నమాట. నలభై ఏళ్ల కిందట ఈ ఉపాయం తట్టినవాళ్లకి మొక్కాలి. కానీ ఆ టీవీలతోపాటు ఆ గేమూ పోయింది. దానికి మార్కులు వెయ్యలేను.

ఇక నెట్ సెంటర్ గేములు. ఇంటర్‌లో ఉన్నప్పుడు గవర్నర్‌పేటలో ఒక సందులో మేడ మీద నెట్ సెంటర్ ఉండేది, గంటకి పదిహేను రూపాయలు. అక్కడ ఐజీఐ అనే కాల్పుల గేమ్ అంటే దేవుడే. 2000 చివర్లో నార్వే కంపెనీ ఇన్నర్‌లూప్ వాళ్లు చేశారు. అంతకుముందు యుద్ధ విమానాల గేమ్ కోసం రాసుకున్న ఇంజిన్‌నే, అంటే గేమ్‌ని నడిపే ప్రోగ్రామ్‌నే, దీనికీ వాడారు, అందుకే అంత పెద్ద కొండలూ మైదానాలూ. కొండ మీద పడుకుని దూరంగా కాపలావాడి తలకి స్నైపర్ పెట్టడం... చెబుతుంటేనే ఇప్పటికీ చేతులు దురదగా ఉన్నాయి.

లాప్‌టాప్‌లో మావాడికి పెట్టిచ్చాను. ఇరవై నిమిషాలు పాక్కుంటూ వెళ్లి, కంచె దాటి, అలారం మోగి, వెనకనుంచి ఎవడో కాలిస్తే పోయాడు. "సేవ్ ఎక్కడ మామయ్యా?" అన్నాడు. లేదురా అన్నాను. ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు, పోతే మొదటినుంచి. "అంటే మళ్లీ పాకాలా?" అని నావైపు చూసిన చూపుకి నా దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే మేమూ పద్నాలుగు మిషన్లలో నాలుగో అయిదో దాటి ఉండం. మా పదిహేను రూపాయలు పాకడానికే సరిపోయేవి. గోడవతల కాపలావాడు మనల్ని ఎలా చూశాడో ఎప్పటికీ అర్థం కాదు. 2003లో వచ్చిన రెండో ఐజీఐలో కొన్ని సేవ్‌లు ఇచ్చారంటే వాళ్లకీ ఈ బాధ తెలిసిందనే కదా. నా తీర్పు: ఐజీఐ ముప్పావు వంతు జ్ఞాపకమే. ఐజీఐ అభిమానులు కింద తిట్టుకోవచ్చు, నేనూ మీలో ఒకణ్ణే.

జీటీఏ వైస్ సిటీ సంగతి వేరు. ఒక ఊరంతా బండ్ల మీద తిరిగే గేమ్ అది. నాకు ముప్పై ఏళ్లు వచ్చేదాకా దానికి ఒక కథ ఉందని తెలీదు! సేవ్ చేసుకున్నా మర్నాటికి ఆ సిస్టమ్ మీద ఇంకెవడో కూర్చుని చెరిపేసేవాడు. అందుకని మిషన్లు ఎవరూ ఆడేవారు కాదు. కూర్చోగానే రికార్డు పుస్తకం చివరి పేజీ తెరిచి, కోడ్లు కొట్టి, ఊరి మీద పడటమే. పాంజర్ అని కొడితే ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు టాంకు, లీవ్ మీ ఎలోన్ అని కొడితే పోలీసులు మాయం. మా బెంచీలో ఒకడికి ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఎప్పుడూ సున్నాలే, ఆస్పిరిన్ మాత్రం కళ్లు మూసుకుని కొట్టేవాడు.

ఊరి సగానికి వెళ్లే వంతెనలు మూసేసి ఉండేవి. తుఫాను హెచ్చరిక అని గేమ్‌లో కారణం చెబుతారు, కొన్ని మిషన్లు ఆడితే తెరుచుకుంటాయి. మేం ఆడితేగా! ప్రకాశం బ్యారేజీ మూసేసి తాడేపల్లి ఎప్పటికీ చూడనివ్వనట్టు ఉండేది మా పరిస్థితి. అన్నిటికంటే అన్యాయం ఏమిటంటే హీరో టామీకి ఈత రాదు. నీళ్లలో పడితే చావే. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, పక్కనే కృష్ణ. ఇన్ని నీళ్ల మధ్య పెరిగినవాళ్లం, సముద్రం ఒడ్డున ఉంటూ ఈత రాని హీరోని క్షమించలేకపోయాం.

మావాడు దీన్ని ట్యాబ్‌లో ఆడాడు, ఫోన్లకి 2012లోనే వచ్చింది. జీటీఏ 6 ట్రైలర్‌లో మళ్లీ ఇదే ఊరు చూపించారు కాబట్టి ఆసక్తిగానే మొదలెట్టాడు. బుద్ధిగా మిషన్లు ఆడాడు. బొమ్మ హెలికాప్టర్‌తో బాంబులు మోసుకెళ్లి, కడుతున్న బిల్డింగులో పెట్టే మిషన్ దగ్గర ట్యాబ్ మంచం మీదికి విసిరేశాడు. తప్పు ఎవరిదో అడిగితే "హెలికాప్టర్‌ది" అన్నాడు. సరైన సమాధానమే. ఆ తర్వాత చూస్తే మిషన్లు మానేసి, బైక్ మీద బీచ్ రోడ్డులో ఊరికే తిరుగుతున్నాడు, రేడియో పెట్టుకుని, రాత్రి, వాన పడుతుంటే. నేను ఏమీ చెప్పలేదు. కాబట్టి నా తీర్పు: ఆటగా యావరేజ్, ఊరుగా గొప్పది. 2002 నాటి ఊరు ఇంకా తిరగాలనిపిస్తోందంటే మాటలు కాదు.

క్రికెట్ 07 మీద నిష్పక్షపాతంగా మాట్లాడటం కుదరదు, గుంటూరు బ్రాడీపేట రూమ్‌లో నాలుగేళ్లు దానితోనే బతికాం. లైసెన్సు లేక మనవాళ్ల పేర్లు అక్షరాలు మార్చి పెట్టారు, మేం కూర్చుని అన్నీ సరిచేసుకున్నాం. ఒకే కీబోర్డు మీద ఇద్దరం, మోచేతులు కొట్టుకుంటూ. కరెంటు సరిగ్గా చివరి ఓవర్లోనే పోయేది. దాన్ని తెచ్చిన ఈఏ కంపెనీ వాళ్లు ఆ తర్వాత మళ్లీ క్రికెట్ గేమ్ చెయ్యలేదు, అందుకే దాని పరువు అలా నిలిచిపోయిందని నా అనుమానం. మావాడు రెండు ఓవర్లు ఆడి, ప్రతి బంతికీ ఒకటే షాట్ కొడితే సిక్స్ వెళ్తోందని కనిపెట్టి ఆపేశాడు. మేం కూడా మొదటి వారంలోనే కనిపెట్టాం, కాకపోతే ఆపలేదు.

చివరిది కాంట్రా, ఇద్దరు కలిసి కాల్చుకుంటూ వెళ్లే గేమ్. మా క్యాసెట్‌లో ఇది రెండుసార్లు ఉంది, ఒకదాంట్లో మూడు లైఫులు, ఒకదాంట్లో ముప్పై. మామూలుగా ముప్పై కావాలంటే పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ అని నొక్కాలి. ఆ కోడ్ పుట్టింది కూడా కష్టం భరించలేకే. 1986లో గ్రేడియస్ అనే గేమ్‌ని ఇంటి డబ్బాకి మారుస్తున్న కజుహిసా హషిమోటో, తను చేస్తున్న గేమ్ తనే గెలవలేక, పరీక్షించడానికి పెట్టుకున్నారు. తర్వాత అది గేమ్‌లో అలాగే ఉండిపోయింది. చేసినవాడే గెలవలేకపోయాడంటే మనం కోడ్ వాడటంలో సిగ్గేముంది?

మావాడు ఒంటరిగా ఆడి రెండో లెవెల్‌లో విసుగెత్తాడు. వంటింట్లోంచి అక్క వచ్చింది, చేతికి అరిసెల పిండి అలాగే ఉంది. "ఇటివ్వు" అని తుడుచుకుని రెండో రిమోట్ అందుకుంది. పాతికేళ్లయ్యుంటుంది తను ఆడి. ఎస్ అక్షరం కనబడగానే "నాది!" అని ఎగిరి అందుకుంది. అది తీసుకుంటే గుళ్లు విసనకర్రలా విచ్చుకుని వెళ్తాయి. మూడో లెవెల్ జలపాతం. అక్కడ పైకి ఎక్కుతూ పోవాలి, ఒకరు పైకి వెళ్లేకొద్దీ తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు తెరలోంచి జారి పోతాడు. చిన్నప్పుడు నా లైఫులన్నీ అక్కడే పోయేవి. ఆగవే అంటే "ఎక్కరా అయితే" అనేది.

"అమ్మా ఆగు, నేనింకా కిందున్నా!" అని అరిచాడు మావాడు.

"ఎక్కరా అయితే" అంది అక్క, టీవీ మీదనుంచి కళ్లు తిప్పకుండా.

వాడి ముప్పై లైఫుల్లో పదకొండు ఆ జలపాతంలోనే పోయాయి. తప్పెవరిదో మాత్రం వాడికి చాలా స్పష్టంగా తెలుసు.