స్పెల్‌చెక్ ఉన్నా ఇంగ్లిష్‌లో తప్పులు ఎందుకు మిగులుతున్నాయి? అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి?

విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ పని నాది. శుభలేఖలు, బ్రోచర్లు, ఫ్లెక్సీల ప్రూఫులు చూస్తుంటాను కాబట్టి రోజూ కంటబడేవే చెబుతాను.

మనవాళ్ల స్పెల్లింగు తప్పుల్లో చాలావరకు చెవి చేయించేవే. తెలుగులో పలికినట్టు రాసేస్తాం, ఇంగ్లిష్‌లో ఆ పప్పులుడకవు. నోటితో ‘ట్యూషన్’ అంటాం, అందుకే బోర్డు మీద టీ, యూ తర్వాత రావాల్సిన ఐ ఎగిరిపోతుంది. ‘స్టేషనరీ’ చివర్లో ఈ బదులు ఏ రాస్తే కదలకుండా ఉన్నదని అర్థం, అమ్మేది తోపుడు బండి మీదైనా సరే! ఎన్వలప్ ఈతో మొదలవుతుంది, కాబట్టి కాగితాలు అమ్మే చోట ఈ అని గుర్తు పెట్టుకోండి. ‘గ్రామర్’ చివర ఈఆరా, ఏఆరా అని అనుమానమొస్తే ‘గ్రమాటికల్’ అనుకోండి, ఏ దొరికిపోతుంది. అన్నిటికీ ఈ చిట్కా పనిచేయదు. ‘మెయింటెయిన్’ చూసి ‘మెయింటెనెన్స్’ రాస్తే తప్పే, అందులో టీ తర్వాత ఈ ఒక్కటే.

అపాస్ట్రఫీ, అంటే అక్షరాల మధ్య పైన పెట్టే కామాలాంటి గుర్తు దగ్గర చెవి అసలే సాయం చేయదు, ఆ గుర్తుకు శబ్దం లేదు కదా. ‘ఇట్స్’ అని రాసేటప్పుడు ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో విడదీసి చదవండి. కుదిరితే గుర్తు పెట్టాలి. ‘దాని’ అనే అర్థమైతే అక్కర్లేదు. హర్స్, యువర్స్, దెయిర్స్‌కి కూడా లేదు, గమనించండి.

ఒకటి కంటే ఎక్కువని చెప్పడానికీ అది అక్కర్లేదు. ‘జ్యూసెస్, టిఫిన్స్’ అని ప్రతి ఎస్ ముందూ ఒకటి తగిలించే అలవాటు మనకొక్కళ్లకే లేదు. బ్రిటన్‌లో కూరగాయల కొట్ల బోర్డుల మీద అలాగే కనిపిస్తుందని దానికి ‘గ్రీన్‌గ్రోసర్స్ అపాస్ట్రఫీ’ అనే పేరే పెట్టారు.

అసలు పేచీ సెప్టెంబరు 5 ముందు వస్తుంది. ‘టీచర్స్ డే’ ఫ్లెక్సీ ప్రూఫు చూసి ఒక స్కూలు కరస్పాండెంట్ గారు, “ఆ పైన కామా ఎస్ అవతల వేలాడుతోందేంటండీ, లోపలికి జరపండి” అన్నారు. జరిపితే ఒక్క టీచరు రోజవుతుందండీ అన్నాను. “మరి చిల్డ్రన్స్ డేకి లోపలే పెట్టారుగా?” చిల్డ్రన్ అన్నమాటే బహువచనం, అందుకని ఎస్ ముందే. ఆయన ఒప్పుకున్నారుగానీ మొహంలో నమ్మకం కనిపించలేదు. ‘మదర్స్ డే’కి మాత్రం ఏకవచనమే. ఎవరి అమ్మను వాళ్లు తలుచుకోవాలని దాన్ని మొదలుపెట్టిన అన్నా జార్విస్ పట్టుబట్టింది.

ఊళ్ల పేర్లకు, కంపెనీల పేర్లకు లాజిక్కు వెతక్కండి, వాళ్లు రాసుకున్నట్టే దించండి. లండన్ పికడిల్లీ లైన్లో పక్కపక్క స్టేషన్లయిన ఎర్ల్స్ కోర్టు పేరులో అపాస్ట్రఫీ ఉంది, బేరన్స్ కోర్టు పేరులో లేదు. వాటర్‌స్టోన్స్ పుస్తకాల షాపులవాళ్లు తమ పేరులోంచి దాన్ని 2012లో తీసేశారు.

ఇక స్పెల్‌చెక్ సంగతి. మాట డిక్షనరీలో ఉంటే చాలు, అది నోరు మెదపదు. శుభలేఖ కింద ‘విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్’ చూడండి. ‘ఫ్రమ్’లో అక్షరాలు తారుమారైతే ‘ఫారమ్’, ‘కాంప్లిమెంట్స్’లో ఐ బదులు ఈ పడితే అర్థమే వేరు. రెండూ అసలైన మాటలే, ఎర్రగీత రాదు. కార్డుల ప్రూఫు వాట్సాప్‌లో చూసి ఓకే అనకుండా, కాగితం మీద తీసుకుని ఆ చివరి లైను కూడా చదవండి. బంధువుల పేర్లు చూసుకునే హడావుడిలో దాన్నెవరూ చదవరు.