నిలిచిపోయే బొమ్మల కథ ఏది?

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: ఈ కాలపు కామిక్ సిరీస్ రేపటి తరానికి క్లాసిక్‌గా మిగులుతుందా? వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ‘సాగా’ అనే అమెరికన్ కామిక్ సంపుటాలు ఒక్కొక్కటే తెప్పించుకుంటున్నాడు. ‘ఇది రేపటి క్లాసిక్ అమ్మా’ అంటాడు. 2012లో మొదలైన బొమ్మల పుస్తకానికి అంత మాట చెల్లుతుందాండీ? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: చెల్లవచ్చు. కానీ ఇప్పుడే తేల్చలేం, ఎందుకంటే ఆ కథ ఇంకా పూర్తికాలేదు.

సాగా రచయిత బ్రయాన్ కె. వాన్, చిత్రకారిణి ఫియోనా స్టేపుల్స్. ఇమేజ్ కామిక్స్ 2012 మార్చిలో మొదటి సంచిక తెచ్చింది. ఒకదానితో ఒకటి యుద్ధం చేస్తున్న రెండు జాతుల సైనికులు ప్రేమించి పెళ్లాడతారు, వాళ్లకో పాప పుడుతుంది, రెండు పక్షాలూ వాళ్లను వేటాడతాయి. ఆ పాప హేజల్ పెద్దయ్యాక చెబుతున్న కథ ఇది. 2013లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అయితే అవార్డుల కన్నా చూడవలసింది పనితనం. మొదటి సంచిక నుంచీ బొమ్మ ఒకే చేతిది. మనుషులకు సిరా గీత ఉంటుంది, వెనక దృశ్యాలకు గీత లేకుండా రంగు మాత్రమే ఉంటుంది. అందుకే ఎంత రద్దీ దృశ్యంలోనైనా కన్ను ముందు మొహం మీదకే పోతుంది. హేజల్ మాటలు బుడగల్లో ఉండవు, స్టేపుల్స్ చేతిరాతతో నేరుగా బొమ్మ మీదే ఉంటాయి. కథ చెప్పే గొంతు, గీసే చెయ్యి ఒక్కటైపోయాయి. ఏళ్ల తరబడి సాగే సిరీస్‌లో ఇది అరుదు.

ఇక భయమల్లా ముగింపు గురించే. ఆరు సంచికలు నెలకొకటి చొప్పున, తర్వాత కొన్ని నెలల విరామం, ఆ విరామంలో ఆ ఆరూ కలిపి ఒక సంపుటం. ఈ పద్ధతి 54వ సంచిక దాకా బాగా నడిచింది. 2018 జూలైలో ఆగిన కథ మళ్లీ 2022 జనవరిలోగాని మొదలవలేదు. మొత్తం 108 సంచికలని కర్తలు చెప్పారు. ముగింపు కుదిరితే మొదట్లో నాటిన చిన్న చిన్న సంగతులన్నీ వెనక్కి తిరిగి వెలుగుతాయి. కుదరకపోతే గొప్ప తొలి సగంగా మిగులుతుంది. ధారావాహిక చదువుతున్నప్పుడు పాఠకుణ్ణి ‘తరవాతేమిటి’ అన్న ఆత్రం నడిపిస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే పాఠకుడికి ఆ ఆత్రం ఉండదు, చేతిలో పూర్తి పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకం నిలబడాలి.

జెఫ్ స్మిత్ ‘బోన్’ సంగతే తీసుకోండి. 1991లో సొంత ప్రచురణగా నలుపు తెలుపుల్లో మొదలై 2004లో 55వ సంచికతో ముగిసింది. అదే ఏడు 1300 పేజీలకు పైబడిన ఒక్క సంపుటంగా వచ్చింది. 2005 నుంచి స్కొలాస్టిక్ సంస్థ రంగుల్లో, తొమ్మిది భాగాలుగా పిల్లలకు అందించింది. మొదటి సంచిక వచ్చేనాటికి పుట్టని పిల్లలు బడి లైబ్రరీలో దాన్ని తీసుకున్నారు. సిరీస్ క్లాసిక్‌గా మారడమంటే మా దృష్టిలో ఇదే.

ఒక్క హెచ్చరిక: సాగా పెద్దల కోసం రాసినది. నగ్నత్వం, హింస దాపరికం లేకుండా ఉంటాయి. మీ అబ్బాయికి ఫరవాలేదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అందని అరలో పెట్టించండి.

ప్రశ్న: లక్షల్లో అమ్ముడైతే అదే క్లాసిక్ కదా? ఇంకా కొలతలెందుకు? (హైదరాబాద్)

జవాబు: 1991లో ‘ఎక్స్-మెన్’ కొత్త సిరీస్ మొదటి సంచిక 80 లక్షలకు పైగా అమ్ముడైంది. ఒకే కథను ఐదు అట్టలతో వేశారు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచిక, 75వది, నల్లటి కవరులో చుట్టి అమ్మితే జనం బారులు తీరి కొన్నారు. రేపు ధర పెరుగుతుందని ఒక్కొక్కరు నాలుగైదు కొని, కవరు విప్పకుండా దాచారు. అందరూ దాచినదానికి అరుదు ఎక్కడిది? ఆ ఎక్స్-మెన్ సంచిక ఇవాళ్టికీ పాత కామిక్స్ దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. పైగా ఆ అంకెలు ప్రచురణకర్త దుకాణాలకు అమ్మినవి. కామిక్స్ దుకాణం తెచ్చుకున్న సరుకును మామూలుగా వెనక్కి ఇచ్చే వీలుండదు. అందుకే మిగిలిపోయిన కట్టలు కూడా అమ్మకం లెక్కలోకే పోతాయి.

దీనికి ఎదురు ఉదాహరణ: 2003లో ‘వాకింగ్ డెడ్’ మొదటి సంచిక తొలి ముద్రణ ఏడు వేల చిల్లర కాపీలే. ఆర్ట్ స్పీగల్మన్ ‘మౌస్’ 1980లో ‘రా’ అనే చిన్న పత్రికలో అతికించిన బుల్లి పుస్తకంగా మొదలైంది. 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. 2022లో టెనెసీ రాష్ట్రంలో ఒక జిల్లా విద్యా బోర్డు దాన్ని పాఠ్యాంశాల నుంచి తీసేస్తే మళ్లీ దేశమంతా కొని చదివింది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా తగవు పెట్టించగల పుస్తకం బతికున్నట్టే. మొదటి వారం అమ్మకం కాదు, పదిహేనో ఏట కూడా మారు ముద్రణ పడుతోందా అన్నది చూడండి.

ప్రశ్న: కామిక్ చేతికి వస్తే అది నిలిచే సరుకో కాదో పేజీ చూసి ఎలా తెలుసుకోవాలి? (వరంగల్)

జవాబు: ముందు మాటల బుడగల మీద కాగితం ముక్కలు కప్పి ఓ నాలుగు పేజీలు చూడండి. ఎవరు ఎవరితో ఉన్నారు, ఎవరికి కోపం, ఎక్కడున్నారు, ఈ మూడూ తెలియాలి. తెలియకపోతే బొమ్మ పని చేయడంలేదు, మాటలే మోస్తున్నాయి.

తర్వాత మాటలు లెక్కపెట్టండి. గడికి, అంటే పేజీలో ఒక్కో బొమ్మ ఉండే పెట్టెకు, 35 మాటలు, ఆరు గడుల పేజీకి 210 అన్నది అమెరికన్ సంపాదకుల పాత కొలత. ఎప్పుడో ఒక పేజీ దాటితే తప్పు లేదు. ప్రతి పేజీ దాటితే అది బొమ్మలు అతికించిన వ్యాసం.

మూడోది పేజీ తిప్పే చోటు. ఇంగ్లీషు, తెలుగు పుస్తకాల్లో కుడి పేజీ చివరి గడి తర్వాత చెయ్యి కాగితం తిప్పుతుంది. ఉలికిపాటు కలిగించే దృశ్యం తిప్పాక కనిపించే ఎడమ పేజీలో ఉండాలి. కుడివైపు పెడితే తిప్పగానే ఓరచూపుకు ముందే దొరికిపోతుంది. పనితెలిసినవాళ్లు స్క్రిప్టు దశలోనే సరి సంఖ్య పేజీలకు వీటిని కేటాయిస్తారు. సంపుటంగా కుట్టేటప్పుడు మధ్యలో ఒక ప్రకటన పేజీ తీసేసినా, ఒక అట్టబొమ్మ చేర్చినా ఈ లెక్కంతా తారుమారవుతుంది. చవక సంపుటాల్లో తరచూ జరిగే పొరపాటు ఇది.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష రెండోసారి చదవడం. అలన్ మూర్ రాసి డేవ్ గిబ్బన్స్ గీసిన ‘వాచ్‌మెన్’ 1986–87లో పన్నెండు సంచికలుగా వచ్చింది. పేజీకి మూడు వరసలు, వరసకు మూడు గడులు, దాదాపు అంతటా ఇదే చట్రం. గడియారం టిక్‌టిక్‌లా నడిచే ఆ చట్రంలో ఒక్క గడి వెడల్పు మారితే గుండె ఝల్లుమంటుంది. అయిదో అధ్యాయం మరీ విశేషం: మొదటి పేజీ అమరిక చివరి పేజీకి, రెండోది చివరినుంచి రెండోదానికి అద్దంలో బింబంలా సరిపోతాయి. సరిగ్గా నడుమ, 14, 15 పేజీలు ఒకే దృశ్యంగా తెరుచుకుంటాయి. మొదటిసారి చదివేవాళ్లలో చాలామందికి ఇది కనిపించదు, కనిపించకపోయినా కథకు లోటు లేదు. కనిపించిన రోజున పుస్తకం మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. 2005లో టైమ్ పత్రిక వంద ఉత్తమ ఇంగ్లీషు నవలల జాబితాలో దీన్ని చేర్చిందంటే ఇలాంటి అల్లికే కారణం.

ప్రశ్న: విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. కామిక్స్ పసుపెక్కుతున్నాయి, పిన్నులు తుప్పు పడుతున్నాయి. ఏం చెయ్యాలి?

జవాబు: పసుపెక్కేది పాత న్యూస్‌ప్రింట్. అందులో కలప నుంచి వచ్చిన లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు, గాలి తగిలి రంగు మారి ఆమ్లమవుతుంది. దాన్ని వెనక్కి తేలేం, నెమ్మదింపజేయగలం. ఒక్కో సంచికను పాలీప్రొపిలీన్ కవరులో, వెనక ఆమ్లరహిత అట్ట పెట్టి ఉంచండి. పీవీసీ కవరు వద్దు, సిరా దానికి అంటుకుంటుంది. కవరులో పెట్టడానికి చలికాలంలో గాలి పొడిగా ఉన్న రోజు ఎంచుకోండి. ముసురు రోజున మూస్తే తేమను కూడా లోపలే బంధించినట్టు. పెట్టెలో నిలువుగా, వంగనంత బిగువుగా, లాగితే వచ్చేంత వదులుగా పేర్చి సిలికా జెల్ పొట్లాలు వేయండి. గదిలో తేమ 50 శాతం లోపు ఉంటే పిన్నులకు రక్ష. పెట్టెను బయటి గోడకు ఆనించవద్దు, అటక మీద పెట్టవద్దు. చిరిగినచోట సెల్లోటేపు అసలు వద్దు.

కొత్త కామిక్స్‌కు ఇంకో ప్రమాదం ఉంది. వాటి నున్నటి కాగితం తడిసి, మూసినట్టే ఆరితే పేజీలు పలకలా అతుక్కుపోతాయి. తుపాను నీళ్లు తగిలితే తడిగా ఉండగానే పేజీల మధ్య పలచటి కాగితం పెట్టి, మారుస్తూ ఫ్యాను కింద ఆరబెట్టండి. వెంటనే కుదరకపోతే సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, వీలైనప్పుడు తీయండి. సంపుటాలు కొనేటప్పుడు పైనుంచి వెన్ను చూడండి. చిన్న చిన్న మడతల కట్టలుగా కనిపించి, విప్పితే నడుమ దారం ఉంటే కుట్టినది. జిగురు ఒక్కటే అయితే నాలుగైదు చదువులకు పగులుతుంది.

ప్రశ్న: తెలుగులో కామిక్ సిరీస్ మొదలుపెడదామని ఇద్దరు మిత్రులం అనుకుంటున్నాం. పదేళ్ల తర్వాత కూడా నిలవాలంటే ఏం జాగ్రత్తలు? (కరీంనగర్)

జవాబు: ముగింపు ముందు రాసుకోండి. పన్నెండు సంచికల కథైతే పన్నెండోదానిలో ఏం జరుగుతుందో తెలియకుండా మొదటిది అచ్చుకు ఇవ్వకండి. కనీసం మూడు సంచికల బొమ్మలు పూర్తయ్యాకే తేదీ ప్రకటించండి. చిత్రకారుడికి వారానికి అయిదు పేజీలంటే బాగా చేసినట్టే. ఆ లెక్కన 22 పేజీల సంచికకు నెల దాటుతుంది. నెలనెలా అని మాటిచ్చి తప్పడం కన్నా రెండు నెలలకొకటి నయం. తొందరలో మధ్యలో ఇంకో చెయ్యి వస్తే పాత్రల మొహాలే మారిపోతాయి.

కాగితం మీద గీస్తే అమెరికన్ కొలతైన 11 × 17 అంగుళాల దళసరి కాగితం వాడండి, అచ్చులో మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. గీతను 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకు) తక్కువ కాకుండా స్కాన్ చేయండి. గీత, రంగు, అక్షరాలు మూడూ వేరు వేరు పొరలుగా దాచండి. అక్షరాలు బొమ్మలో కలిసిపోతే రేపు అనువాదానికి, పెద్ద సైజు ముద్రణకు దారి మూసుకుపోతుంది.

తెలుగు లిపికి బుడగ విడిగా ఆలోచించాలి. ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్దబడి అక్షరాలు, కిందికి జారేది లేదు, పంక్తులు దగ్గరగా పేర్చొచ్చు. మనకు పైన గుడి, కింద ఒత్తు ఉన్నాయి. ‘రాష్ట్రం’లో టవత్తుకు తోడు రావత్తు కూడా వచ్చి చేరుతుంది. పంక్తుల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంచితేగాని పైవరస ఒత్తు కిందవరస గుడికి తగలదు. మన మాటలు పొడుగు కూడా, సన్నటి నిలువు బుడగలో ‘వెళ్లిపోతున్నారేమిటి’ ఇమడదు. అందుకని బుడగలు అడ్డంగా, వెడల్పుగా వేయండి, గడి పైభాగంలో మూడో వంతు వాటికి ముందే వదలండి. మొత్తం బొమ్మ గీశాక చోటు వెతికితే మొహాలు కప్పాల్సి వస్తుంది.

చివరిగా కాగితం పని. మీ ఇద్దరి వాటాలు రాసుకోండి. ప్రచురణకర్తకు ఇస్తే హక్కులు ఎప్పుడు తిరిగొస్తాయో తేదీతో రాయించుకోండి. ‘పుస్తకం ముద్రణలో లేకుండా పోతే హక్కులు కర్తలకు’ అని మాత్రమే రాస్తే చాలదు. వాచ్‌మెన్ ఒప్పందంలో అలాంటి షరతే ఉంది. పుస్తకం ఎన్నడూ ముద్రణ ఆగలేదు, హక్కులూ తిరిగి రాలేదు. అందుకే ఏడాదికి కనీసం ఇన్ని కాపీలు అమ్ముడవకపోతే, లేదా ఇన్నేళ్లు నిండితే, ఏది ముందైతే అది, అని అంకెలతో ఉండాలి.