యుసేబియస్‌ను నమ్మొచ్చా? పరువు పోయాక నాకు తెలిసొచ్చింది

"యుసేబియస్ అంటే రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్‌కు డబ్బా కొట్టిన మనిషి కదా, అతని సంఘ చరిత్రను ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడిగారు. యుసేబియస్ 4వ శతాబ్దపు బిషప్, తొలినాళ్ల క్రైస్తవ సంఘం కథను 'సంఘ చరిత్ర' పేరుతో కొన్ని పుస్తకాలుగా రాసినవాడు. అతను ఎత్తి రాసిన పాత ఉత్తరాలను చాలావరకు నమ్మొచ్చు. సొంతంగా పొగడడం మొదలుపెట్టిన చోట మాత్రం కాస్త ఆగి చదవాలి. ఈ తేడా నాకు మా సంఘం యూత్ మీటింగ్‌లో పరువు పోయాక తెలిసింది.

కొన్నేళ్ల కిందట యేసు శిష్యుడు తోమా గురించి మాట్లాడమన్నారు. "తోమా మన దేశానికి వచ్చాడని యుసేబియసే రాశాడు" అని స్లయిడ్ మీద పెద్ద అక్షరాలతో పెట్టాను. ఎక్కడో విన్న మాటే, పుస్తకం తెరిచి చూసింది లేదు. ముందు వరుసలో ఉన్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన "ఏ పుస్తకం, ఏ అధ్యాయం నాయనా?" అన్నారు. నా నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి సంఘ చరిత్ర ఇంగ్లిష్ అనువాదంలో వెతికాను. 3వ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంది, తోమా వంతుకు పార్థియా (ఇప్పటి ఇరాన్ వైపు రాజ్యం) వచ్చిందని. ఇండియా పేరు 5వ పుస్తకం 10వ అధ్యాయంలో, అదీ బర్తొలొమయి అనే మరో శిష్యుడితో ముడిపడి కనిపించింది. అలెగ్జాండ్రియా బోధకుడు పంటేనస్ ఇండియా వెళ్తే, అక్కడివాళ్ల దగ్గర అప్పటికే హెబ్రీ అక్షరాల్లో మత్తయి సువార్త ఉందట, దాన్ని వాళ్లకిచ్చింది బర్తొలొమయట. ఈ 'అట' నాది కాదు, యుసేబియస్‌దే. తనకు ఖాయంగా తెలియని చోట 'అంటారు' అని పెట్టే అలవాటు ఆయనకుంది. పైగా ఆ కాలం గ్రీకులు ఇండియా అంటే దక్షిణ అరేబియానో ఇతియోపియా వైపో కూడా కావచ్చు. తోమా రాలేదని నేననడం లేదు. 3వ శతాబ్దం నాటి, బైబిల్లో చేరని 'తోమా కార్యములు' అనే పుస్తకంలో ఆ కథ ఉంది. యుసేబియస్‌ను మాత్రం దానికి సాక్షిగా పిలవలేం. మరుసటి వారం అదే మైకు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాను.

ఇక డబ్బా సంగతి. యుసేబియస్ సుమారు 260లో పుట్టాడు. ఊరు పాలస్తీనాలోని కైసరయ, అపొస్తలుల కార్యములలో పౌలు రెండేళ్లు ఖైదులో ఉన్న ఊరే. అక్కడ ఆరిజన్ అనే 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడి పుస్తకాల చుట్టూ పెరిగిన పెద్ద గ్రంథాలయాన్ని పాంఫిలస్ అనే పండితుడు చూసుకునేవాడు. యుసేబియస్ ఆయన శిష్యుడు, గురువు పేరునే తన పేరుకు చేర్చుకున్నాడు. 303లో రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ క్రైస్తవుల మీద హింసలు మొదలుపెట్టాడు. పాంఫిలస్‌ను జైల్లో పెట్టారు, శిష్యుడు అక్కడికీ వెళ్లి ఆయనతో కలిసి ఆరిజన్‌ను సమర్థిస్తూ పుస్తకం రాశాడు. 310లో గురువును చంపేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకు యుసేబియస్ కైసరయ బిషప్ అయ్యాడు.

325లో కాన్‌స్టంటైన్ పిలిచిన నీకయ బిషప్‌ల సభకు వెళ్లేనాటికి ఆయన పరిస్థితి ఏమంత బాగాలేదు. క్రీస్తు తండ్రి దేవుడితో సమానుడు కాడని బోధించిన అరియస్ పక్షమని అంతియొకయలో కూడిన సభ కొన్ని నెలల ముందే ఆయన్ని వెలివేసి ఉంది. సభ ముగిశాక కాన్‌స్టంటైన్ బిషప్‌లందరికీ విందు ఇచ్చాడు. కత్తులు దూసి నిలబడ్డ సైనికుల మధ్య నుంచి బిషప్‌లు భయం లేకుండా లోపలికి నడిచారని, అది క్రీస్తు రాజ్యమేమో అనిపించిందని యుసేబియస్ రాశాడు. మొదటిసారి చదివినప్పుడు నాకూ ఇది భజనలాగే అనిపించింది. కానీ పదిహేనేళ్ల కిందట అవే కత్తులు గురువు ప్రాణం తీశాయి. ఆ మనిషికి అంత సంబరం కలిగిందంటే ఇప్పుడు నాకు అర్థమవుతుంది.

అర్థమైనంత మాత్రాన వదిలేయలేం. 326లో కాన్‌స్టంటైన్ సొంత కొడుకు క్రిస్పస్‌ను చంపించాడు. యుసేబియస్ రాసిన కాన్‌స్టంటైన్ జీవిత చరిత్రలో ఆ ఊసే లేదు. 312లో కాన్‌స్టంటైన్ రోమ్ దగ్గర చేసిన యుద్ధానికి ముందు ఆకాశంలో సిలువ కనిపించిందన్న కథ కూడా ఆ పుస్తకంలోనే ఉంది, చక్రవర్తే ఒట్టేసి తనతో చెప్పాడంటాడు. అంతకుముందే రాసిన సంఘ చరిత్రలో అదే యుద్ధం ఉంది గానీ సిలువ దర్శనం లేదు. హింసలప్పుడు సంఘంలో జరిగిన సిగ్గుచేటు పనులను రాయబోనని, ఉపయోగపడేవే రాస్తానని 8వ పుస్తకంలో తనే చెప్పేశాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది, ఆ నిర్ణయం నచ్చలేదు.

చదవాలనుకుంటే మొదటి పుస్తకంతో మొదలుపెట్టకండి, విసుగొచ్చి పక్కన పడేస్తారు. 5వ పుస్తకం తెరవండి. 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్ ఊళ్లో హతసాక్షులైన (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన) వాళ్ల గురించి అక్కడి సంఘం పంపిన ఉత్తరం ఉంటుంది, బ్లాండినా అనే బానిస పిల్లతో సహా. ఆ ఉత్తరం మనకు దొరికింది ఈయన ఎత్తి రాసుకోబట్టే. తర్వాత 3వ పుస్తకం 25వ అధ్యాయం చూడండి. కొత్త నిబంధనలోని యాకోబు, యూదా, 2 పేతురు పత్రికలను కొందరు ఒప్పుకోవడం లేదని దాచకుండా రాశాడు. ప్రకటన గ్రంథాన్నయితే ఎందులో వేయాలో తేలక, ఒప్పుకున్నవి, నకిలీవి అనే రెండు జాబితాల్లోనూ పెట్టాడు.