బోరు నీళ్లు పోస్తే పైపుల్లో ఆకుకూరలు మాడిపోతున్నాయి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం మండలం. డాబా మీద పీవీసీ పైపుల కిట్టు పెట్టించి మట్టి లేకుండా పాలకూర, కొత్తిమీర వేశాం. బోరు నీళ్లే వాడుతున్నాం. పది రోజులు బాగానే ఉన్నాయి. ఆ తరువాత ఆకుల అంచులు మాడడం మొదలైంది. కొత్తిమీర మొత్తం పోయింది, పాలకూర కొంత నిలిచింది. వేర్లు గోధుమ రంగుకు వచ్చాయి. పోషకాలు చాల్లేదు, ఇంకొంచెం పొడి కలపండని కిట్టు అమ్మినతను చెప్పాడు. కలిపితే ఇంకా మాడాయి. మీటరు పెడితే బోరు నీళ్ల టీడీఎస్ 1,400 వచ్చింది. ఈ నీళ్లు పనికిరావా? మావారు షెడ్డు వేసి ఇదే పెద్దగా చేద్దామంటున్నారు. చేయొచ్చా?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు పైపులకు నీళ్లు అందించే ఆ ట్యాంకులో ఇక చెంచాడు పొడి కూడా వేయకండి. మీ మొక్కలకు తిండి తక్కువై కాదు, ఉప్పు ఎక్కువై మాడుతున్నాయి.

ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. ముందు కొత్తిమీర పోయి, పాలకూర నిలిచిందన్నారు. మన పాలకూరది బీట్‌రూట్ కుటుంబం. ఉప్పును కొంతవరకు ఓర్చుకుంటుంది. కొత్తిమీరకు అంత ఓపిక లేదు. పైగా పొడి పెంచాక మాడడం పెరిగిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఒకసారి లెక్క చూడండి. టీడీఎస్ 1,400 అంటే లీటరు నీటిలో సుమారు 1.4 గ్రాముల లవణాలున్నట్టు. మీ ట్యాంకు 20 లీటర్లదనుకుంటే, మొదటి రోజే అందులో 28 గ్రాములు పడ్డాయి. మొక్కలు తాగింది, ఎండకు ఆవిరైంది కలిపి రోజుకు 3 లీటర్లు తగ్గితే మళ్లీ బోరు నీళ్లే పోస్తారు. నీళ్లు పోతాయి, సోడియం, క్లోరైడు చాలావరకు అక్కడే ఉండిపోతాయి. రోజుకు 4 గ్రాముల చొప్పున పదో రోజుకు ట్యాంకులో 70 గ్రాములకు దగ్గరవుతాయి. మొదలున్నదానికి రెండున్నర రెట్లు. దీనికి మీరు కలిపిన పోషకాలు అదనం. పది రోజులు బాగుండి ఆ తరువాత మాడడానికి కారణం ఇదే.

అదే నీళ్లు పెరట్లో గోంగూరకు పోస్తే బతుకుతోంది కదా అని మీకు అనిపించవచ్చు. మీది ఇసుక నేల. పోసిన నీటితోపాటు ఉప్పు కిందికి జారిపోతుంది, వానాకాలంలో మరికొంత కడుక్కుపోతుంది. పైపులో అది పోయే దారే లేదు.

టీడీఎస్ మీటరు గురించి కూడా చెప్పాలి. అది నీటిలో ఎన్ని లవణాలున్నాయో చూపిస్తుంది గానీ, అవి మొక్క తినే కాల్షియం నైట్రేటో, వంటింటి ఉప్పో చెప్పదు. ఆకుకూరలకు మొత్తం 800 నుంచి 1,000 ఉంటే చాలు. మీ బోరు నీళ్లు పోషకాలు వేయకముందే ఆ హద్దు దాటేశాయి. పైపులు బిగించే ముందే ఎవరైనా ఈ ఒక్క పరీక్ష చేసి చెప్పి ఉంటే మీ డబ్బులు మిగిలేవి. డాబాల మీద ఖాళీ పైపులు కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు వేర్లు చూడండి. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. పై తొడుగు జిగటగా ఊడివచ్చి లోపల సన్నని దారం మిగిలితే వేరుకుళ్లు కూడా పట్టినట్టే. వాసన కూడా తేడాగా ఉంటుంది. అలాంటి మొక్కలను దాచుకోకుండా తీసేయండి. ట్యాంకు నీళ్లు కొబ్బరి చెట్ల మొదళ్లలో పోసేయండి, అవి తట్టుకుంటాయి. పైపులు, ట్యాంకు బ్లీచింగ్ పొడి నీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు జాడించి ఎండబెట్టండి.

ఇక మంచినీళ్లు ఎక్కడివి? మీ తీరంలో దొరువులు, అంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ నీటి గుంటలు, ఉండేవి కదా. ఇసుకలో ఇంకిన వాన నీరు తేలిక కాబట్టి అడుగునున్న ఉప్పు నీటి మీద పొరలా నిలుస్తుంది. దొరువులో వచ్చేది ఆ పైపొర నీళ్లే. బోరు లోతుకు వేసి గట్టిగా లాగేసరికి అడుగు ఉప్పు పైకి వస్తుంది. మీ చుట్టుపక్కల వాడుకలో ఉన్న దొరువుగానీ, లోతు తక్కువ బావిగానీ ఉంటే ఆ నీళ్లలో మీటరు పెట్టి చూడండి. 300 లోపు వస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు. లేదంటే ఆర్వో నీళ్లు నాలుగు పాళ్లు, బోరు నీళ్లు ఒక పాలు కలపండి. ఆర్వో నీళ్లు 60 ఉంటే ఈ మిశ్రమం 330 దగ్గర ఉంటుంది. తరువాత రోజూ తగ్గిన మేరకు మాత్రం ఉత్త ఆర్వో నీళ్లే పోయండి. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, వాటిని దగ్గరికి రానీయకండి. వాన నీరు అన్నిటికన్నా మేలు. వంద చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 90 లీటర్లు పట్టుకోవచ్చు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే కాబట్టి మూత ఉన్న డ్రమ్ములు రెండు సిద్ధంగా పెట్టుకోండి.

పోషకాలు ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తాయి. చిక్కటి ద్రావణాలను నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు. కాల్షియం వెళ్లి సల్ఫేటు, ఫాస్ఫేటులతో కలిసి సున్నంలా అడుగున పేరుకుంటుంది, మొక్కకు అందదు. ముందు నీళ్లలో ఏ పోసి బాగా కలిపి, ఆ తరువాత బీ పోయండి. చేలో వాడే 19-19-19 ఎరువు ఇక్కడ వద్దు. అందులో నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది, కాల్షియం ఉండదు. నీటి పులుపును చూపే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంచండి. నిమ్మరసంతో తగ్గిస్తే రెండు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలుగా వేయడం మేలు, చేతులకు తొడుగులు వేసుకోండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు డాబా మీది పైపులో వేరు ఉడికిపోతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీలకు 7 కూడా నిలవదు. వేరుకేమో వేడిలో గాలి ఎక్కువ కావాలి. ఆపైన మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి మోటారు ఆగితే పైపులో వేర్లు గంటల్లో ఎండిపోతాయి. అందుకే మీకు నా సలహా ఏమిటంటే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పైపులు ఖాళీగా ఉంచండి. ఆ రోజుల్లో బాగా కడిగిన కొబ్బరిపొట్టు సంచుల్లో, సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కింద తోటకూర, బచ్చలి వేసుకోండి. కొబ్బరిపొట్టులోనూ ఉప్పు ఉండవచ్చు. పిండిన నీళ్లలో మీటరు పెట్టి చూశాకే వాడండి.

వానలు మొదలయ్యాక మోటారు లేని బకెట్ పద్ధతి ప్రయత్నించండి. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. వెలుతురు దూరని బకెట్‌కు మూత పెట్టి, మూత రంధ్రంలో జల్లి కప్పు దింపి మొక్క నాటుతారు. మొదట నీళ్లు కప్పు అడుగును తాకాలి. మొక్క తాగే కొద్దీ మట్టం దిగి, పైన తేలిన వేర్లు గాలి పీల్చుకుంటాయి. నీళ్లు తగ్గాయి కదా అని మళ్లీ అంచుదాకా నింపితే ఆ వేర్లు మునిగి చస్తాయి. ముందు పాలకూరతో నాలుగు బకెట్లు మొదలుపెట్టి చూడండి.

షెడ్డుకు ఇప్పుడే అప్పు చేయవద్దని మీవారికి నా మాటగా చెప్పండి. ఇసుక నేలలో పండిన పాలకూర కట్టతో, ఆర్వో నీళ్లు, కరెంటు, పోషకాలు కొని పండించిన కట్ట ధరలో పోటీ పడలేదు. ఒక చలికాలం ఇంటిమట్టుకు పండించి, కట్టకు ఎంత పడిందో రాసుకోండి. ఆ లెక్క చేతికొచ్చాక మాట్లాడుకుందాం.

ఈలోగా బోరు నీళ్లకు పూర్తి పరీక్ష చేయించండి. మోటారు పది నిమిషాలు ఆడించాక, అదే నీటితో మూడుసార్లు కడిగిన సీసాలో లీటరు పట్టి, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలోగానీ మీకు దగ్గరలోని భూసార పరీక్షా కేంద్రంలోగానీ అడగండి. టీడీఎస్ ఒక్కటే కాదు, సోడియం, క్లోరైడు, బైకార్బొనేటు కూడా చూడమనండి. సీసా మీద బోరు లోతు రాయడం మరచిపోకండి.